జ్వరంలో ఐరన్ మాత్ర ఎందుకు ఆపమన్నారు? ఇనుము అందకుండా చేస్తే మలేరియా పురుగు చస్తుందా?

మన్యం_మాస్టారు
మంగళవారం, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. పాడేరు వైపు ఒక ఆశ్రమ పాఠశాలలో సైన్సు చెబుతాను. వారానికోసారి పిల్లలకు నీలం రంగు ఐరన్ మాత్ర మింగించే డ్యూటీ కూడా నాదే. నా ఎదురుగా మింగాలి, నోరు తెరిచి చూపించాలి, అప్పుడు రిజిస్టరులో టిక్కు. పోయిన వారం ఎనిమిదో తరగతి అమ్మాయి దుప్పటి కప్పుకుని వణుకుతూ లైన్లో నిలబడింది. ఒళ్లు కాలిపోతోంది. ఏఎన్ఎం గారు అక్కడే ఉన్నారు. నా చేతిలోంచి మాత్ర తీసేసుకుని, "జ్వరం పిల్లకు ఇది వద్దు సార్, ముందు మలేరియా టెస్ట్ కిట్ పెడదాం" అన్నారు. వేలి మీద పోటు, ఒక చుక్క రక్తం, పావుగంట ఆగితే గీత. పీఎఫ్ వచ్చింది, అంటే ఫాల్సిపారమ్ రకం మలేరియా.

మందు వెంటనే మొదలైంది, పిల్ల కోలుకుంటోంది. నా డౌటే తీరలేదు. ఆ అమ్మాయికి హిమోగ్లోబిన్ 9. అసలే రక్తం తక్కువ, పైగా రక్తం తినే జబ్బు. ఐరన్ ఇంకా ఎక్కువ ఇవ్వాలి గానీ ఆపడమేంటి? అడిగితే, "రూల్ అంతే సార్, లోపల పురుగుకు కూడా బలం వస్తుందంటారు" అన్నారావిడ.

నిజమేనా? నిజమైతే ఇంకో ప్రశ్న. ఇనుము అస్సలు దొరక్కుండా చేస్తే ఆ పురుగు చావాలి కదా? అలాంటి వైద్యం ఉందా?

తాటిబెల్లం
మంగళవారం, రాత్రి 9:50

మాస్టారూ, ఇది మన పెద్దవాళ్లకు తెలిసిన సంగతే. చలిజ్వరం వస్తే మా నాయనమ్మ పాలు లేకుండా చిక్కటి డికాక్షన్ తాగించేది. టీలోని వగరు ఇనుమును పట్టేస్తుందని ఇప్పుడు సైన్సువాళ్లూ ఒప్పుకుంటున్నారుగా. వారం రోజులు ఆకుకూర, బెల్లం మానిపించి డికాక్షన్ ఇస్తే పురుగుకు తిండి బంద్. పైసా ఖర్చు లేదు.

పెట్రీ_పళ్లెం
మంగళవారం, రాత్రి 11:05

తాటిబెల్లం గారూ, వగరు మాట నిజం. అన్నంతో పాటు టీ తాగితే తిండిలో ఉన్న ఇనుము సరిగా పట్టదు. కానీ ఒక్కసారి లెక్క చూడండి. పెద్ద మనిషి ఒంట్లో ఉండే ఇనుము 3 నుంచి 4 గ్రాములు. రోజూ తిండి ద్వారా కొత్తగా చేరేది 1 లేదా 2 మిల్లీగ్రాములు, అంతే. ముసలివైపోయిన ఎర్రకణాలను విరగ్గొట్టి ఒళ్లు తానే తిరిగి వాడుకునేది మాత్రం రోజుకు 20 నుంచి 25 మిల్లీగ్రాములు. మీ డికాక్షన్ ఆపేది ఆ ఒకటీ రెండూ. చెరువు నిండా నీళ్లుంటే ఇంట్లో కుళాయి కట్టేసినట్టు. పైగా మలేరియా పురుగు ఉండేది ఎర్రకణం లోపల. ఒంట్లో ఇనుములో ఎక్కువ భాగం ఉండేదీ అక్కడే.

మాస్టారూ, మీ ఏఎన్ఎం గారి మాట సరైనదే. అసలు ఆ వైద్యం మొదలుపెట్టేది మన ఒళ్లే. ఇన్ఫెక్షన్ వచ్చిన కొన్ని గంటల్లోనే రక్తంలో తిరిగే ఇనుము పడిపోతుంది. కాలేయం హెప్సిడిన్ అనే చిన్న హార్మోనును వదులుతుంది. పేగు గోడ కణాల్లోనూ, పాత ఎర్రకణాలను అరిగించే కణాల్లోనూ ఇనుము బయటికి వెళ్లడానికి ఒక తలుపు ఉంటుంది, దాని పేరు ఫెర్రోపోర్టిన్. హెప్సిడిన్ వచ్చి ఆ తలుపునే పీకి లోపల పారేస్తుంది. ఇక ఇనుము కణాల్లోనే ఇరుక్కుపోతుంది. బియ్యం గోడౌన్‌లో నిండుగానే ఉంటాయి, డీలరు షట్టరు దించేస్తాడు. మీ విద్యార్థిని పరిస్థితి అదే. జ్వరంలో మాత్ర వేసినా పెద్దగా పట్టదు, పేగులో మిగిలిపోతుంది.

ఈ కట్టడి మనుషులకే ప్రత్యేకం కాదు. కోడిగుడ్డు పెంకుకు సన్న రంధ్రాలుంటాయి కదా, సూక్ష్మజీవులు లోపలికి ఎందుకు పోటెత్తవు? 1944లో ఇద్దరు అమెరికన్ పరిశోధకులు తెల్లసొనలో బాక్టీరియాను పెంచి చూశారు, పెరగలేదు. కాస్త ఇనుము కలిపారు, పెరిగాయి. తెల్లసొనలో ఇనుమును గట్టిగా పట్టుకుని వదలని ప్రోటీను ఉంది. మన రక్తంలో దాని అక్క లాంటిది ట్రాన్స్‌ఫెరిన్, తల్లిపాలలో లాక్టోఫెరిన్.

మన్యం_మాస్టారు
బుధవారం, ఉదయం 6:40

గోడౌన్ పోలిక బాగా ఎక్కింది, రేపు క్లాసులో వాడేస్తా. కానీ అసలు ప్రశ్న మిగిలే ఉంది. ఒళ్లు సగం చేసిన పనిని మందుతో పూర్తి చేయలేమా? ఇనుమును లాగేసే మందులు ఉన్నాయని విన్నాను.

బాబు_వాళ్ళమ్మ
బుధవారం, మధ్యాహ్నం 2:15

ఉన్నాయి మాస్టారూ. నేను ఈ సైట్లో ఎక్కువ రాయను గానీ ఇది మా ఇంటి విషయం. మా బాబుకు థలసీమియా మేజర్ అనే పుట్టు రక్త జబ్బు, పద్నాలుగేళ్లు. మూడు వారాలకోసారి రక్తం ఎక్కించాలి. ఒక్కో బ్యాగుతో 200 నుంచి 250 మిల్లీగ్రాముల ఇనుము ఒంట్లోకి పోతుంది, బయటికి పోయే దారి లేదు. గుండెలో, కాలేయంలో పేరుకుపోతుంది. దాన్ని తీయడానికే ఈ మందులు.

వాడు చిన్నప్పుడు వాటిలో డెస్ఫెరాల్ అనేది వాడాం. సీసాలో తెల్ల పొడి ఉంటుంది. రాత్రి భోజనాలయ్యాక 5 మి.లీ. నీళ్లు ఎక్కించి, బుడగలు రాకుండా అరచేతుల మధ్య దొర్లించి కరిగించేదాన్ని. సిరంజిలోకి లాగి చిన్న పంపుకు బిగించి, పొట్ట చర్మం కింద సన్న సూది. రాత్రంతా ఎనిమిది, పది గంటలు చుక్కచుక్కగా ఎక్కుతుంది. పంపు గిర్రున తిరిగే చప్పుడుకి నాకు నిద్ర పట్టేది కాదు, వాడు మాత్రం హాయిగా పడుకునేవాడు. పొద్దున్నే వాడి మూత్రం ఎర్రటి టీ నీళ్ల రంగులో వచ్చేది. "అమ్మా, ఇనుము పోతోంది చూడు" అని బాత్‌రూమ్ నుంచి అరిచేవాడు. ఇప్పుడు మాత్రలకు మారాం.

కానీ మాస్టారూ, మా డాక్టరమ్మ మొదటి రోజే రాసిచ్చిన కాగితం ఇంకా ఫ్రిజ్ మీద ఉంది: "జ్వరం, కడుపునొప్పి, విరేచనాలు వస్తే పంపు ఆపి ఫోన్ చెయ్యండి." ఇనుము తీసే మందు జ్వరంలో మంచిది కావాలి కదా, ఎందుకు ఆపమంటున్నారో నాకూ అప్పుడు అర్థం కాలేదు. మీ మాత్ర, మా పంపు, రెండూ జ్వరంలో బందే!

పెట్రీ_పళ్లెం
బుధవారం, సాయంత్రం 7:30

అమ్మా, మీ ఫ్రిజ్ కాగితంలోనే ఈ కథంతా ఉంది.

డెస్ఫెరాల్‌ను మనిషి తయారు చేయలేదు. స్ట్రెప్టోమైసిస్ పైలోసస్ అనే మట్టి బాక్టీరియా తన కోసం తయారు చేసుకునే పదార్థం అది. మట్టిలో ఇనుము తుప్పు రూపంలో ఉంటుంది, కరగదు. అందుకని సూక్ష్మజీవులు ఒక కొక్కెం లాంటి అణువును బయటికి విసురుతాయి. అది ఇనుమును పట్టుకుని తిరిగి వస్తుంది. వీటిని సిడెరోఫోర్లు అంటారు. మనం ఆ కొక్కేన్నే మందుగా వాడుతున్నాం.

అక్కడే చిక్కు. ఎవరి కొక్కెమైనా, తగిలిన చేపను లాక్కోగలిగే నోరున్నవాడికి అది విందు. యెర్సీనియా అనే పేగు బాక్టీరియా డెస్ఫెరాల్ పట్టిన ఇనుమును హాయిగా తీసుకుంటుంది. అందుకే జ్వరం, కడుపునొప్పి అంటే మీ డాక్టరమ్మ పంపు ఆపమన్నారు.

మలేరియా పురుగుకు మాత్రం ఆ నోరు లేదు. ల్యాబ్‌లో ఎర్రకణాల్లో పెంచిన పురుగుల మీద డెస్ఫెరాల్ వేస్తే ఎదుగుదల ఆగిపోతుంది. డీఎన్ఏ తయారీకి కావలసిన ఒక ఎంజైముకు ఇనుము కావాలి, అది దొరకదు. దీన్ని పట్టుకుని జాంబియాలో పిల్లల మీద పరీక్షించారు. మెదడు మలేరియాతో స్పృహ లేని 83 మంది పిల్లలకు మామూలు క్వినైన్ వైద్యంతో పాటు కొందరికి డెస్ఫెరాల్, కొందరికి ఉత్తి సెలైన్ లాంటిది. 1992లో ఫలితాలు వచ్చాయి. డెస్ఫెరాల్ ఇచ్చిన పిల్లలకు స్పృహ త్వరగా వచ్చింది, రక్తంలో పురుగులూ త్వరగా తగ్గాయి. అందరూ ఎగిరి గంతేశారు.

తర్వాత అక్కడే 352 మందితో పెద్ద పరీక్ష. డెస్ఫెరాల్ గుంపులో చనిపోయినవాళ్లు 18.3 శాతం. ఉత్తుత్తి మందు గుంపులో 10.7 శాతం. ఆ తేడా కాకతాళీయమే కావచ్చని లెక్కలు చెప్పాయి. ఏదేమైనా ప్రాణాలు నిలబెట్టలేదన్నది ఖాయం. కథ అక్కడ ఆగిపోయింది.

తాటిబెల్లం
బుధవారం, రాత్రి 8:02

అంటే కొన్ని కోట్లు పోసి తేల్చింది మా నాయనమ్మ డికాక్షన్‌తో సమానమన్నమాట 😀

డ్యూటీ_డాక్టర్
బుధవారం, రాత్రి 10:45

పిల్లల డాక్టర్ని, ఏజెన్సీ పీహెచ్‌సీలో మూడేళ్లు చేశాను. రెండు మాటలు.

ఇనుము తీసేస్తే పురుగు నీరసపడుతుందని ఊరుకుంటే కుదరదు, ఎందుకంటే మన ప్రధాన ఆయుధం పనిచేసేదే ఇనుముతో. పీఎఫ్ వస్తే మీ ఆశా ఇచ్చే కిట్‌లో ఉండేది ఆర్టిసునేట్, ఆర్టెమిసినిన్ కుటుంబం మందు. చైనా శాస్త్రవేత్త తు యూయూకు 2015లో నోబెల్ వచ్చింది దీనికే. దాని అణువులో రెండు ఆక్సిజన్లు పక్కపక్కన కట్టిన ఒక వంతెన ఉంటుంది. పురుగు కడుపులో తిన్న హిమోగ్లోబిన్ నుంచి వచ్చే ఇనుము తగలగానే ఆ వంతెన తెగి, మందు బాంబులా పేలుతుంది. ఇనుమే దానికి నిప్పు. ల్యాబ్‌లో ఇనుమును పట్టేసే మందు కలిపితే ఆర్టెమిసినిన్ బలం తగ్గిపోతుంది. కాబట్టి "రెండూ కలిపి ఇస్తే డబుల్ దెబ్బ" అనుకోకండి.

క్లోరోక్విన్ కథా ఇలాంటిదే. పురుగు హిమోగ్లోబిన్ తిన్నాక మిగిలే హీమ్ అనే ఇనుమున్న ముక్క దానికే విషం. ఆ విషాన్ని గట్టి గోధుమరంగు స్ఫటికాలుగా పేర్చి మూల పెట్టుకుంటుంది. క్లోరోక్విన్ ఆ పేర్చే పని చెడగొడుతుంది. ఇనుము దొరక్క కాదు, ఇనుము మింగుడు పడక చస్తుంది.

పెట్రీ_పళ్లెం
బుధవారం, రాత్రి 11:10

డాక్టర్ గారూ, ఆ స్ఫటికాల సంగతి మన ఊరి గొప్ప! 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో, మలేరియా దోమ ద్వారా వస్తుందని తేల్చిన రొనాల్డ్ రాస్ దోమ పొట్ట గోడలో గుర్తుపట్టిన నల్లటి రేణువులు అవే. మలేరియా రోగి రక్తంలో కనిపించే రేణువులే దోమలోనూ కనిపించేసరికి ఆయనకు దారి దొరికింది. బేగంపేటలో ఆ భవనం ఇప్పటికీ ఉంది. పురుగు తిని పారేసిన ఇనుము పెంటకుప్ప చూసి దొంగను పట్టుకున్నాడన్నమాట.

ఐదోనెల_టెన్షన్
గురువారం, ఉదయం 7:20

నా పేరు చూశారుగా. మా ఆవిడకు ఐదో నెల. ఈ చర్చ చదివి నిన్న రాత్రి ఐరన్ మాత్ర వేసుకోనివ్వలేదు. మాది గుంటూరు. మా ఏరియాలో డెంగీ, మలేరియా రెండూ ఉన్నాయంటున్నారు. ఆపేయమంటారా? ఇప్పుడు ఇంట్లో గొడవ.

డ్యూటీ_డాక్టర్
గురువారం, ఉదయం 7:55

ఆపకండి! వెళ్లి ఈరోజు మాత్ర ఇవ్వండి, ముందు సారీ చెప్పి.

గర్భిణికి రోజుకు ఒక ఎర్ర మాత్ర, అందులో 60 మి.గ్రా. ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్. నాలుగో నెల నుంచి వేసుకోవాలి. జ్వరం లేని మనిషికి ఊళ్లో దోమలున్నాయని మాత్ర ఆపితే ప్రసవంలో రక్తం పోయినప్పుడు తట్టుకునే శక్తి ఉండదు. నేను అలాంటి రాత్రులు చూశాను, వివరంగా రాయను. రేపు జ్వరం వస్తే మాత్ర సంగతి మీరు తేల్చకండి, రక్త పరీక్షకు తీసుకెళ్లండి.

మాస్టారూ, మీకు ఏఎన్ఎం గారు చెప్పిన రూల్ రక్తహీనత తగ్గించే ప్రభుత్వ కార్యక్రమం ఎనీమియా ముక్త్ భారత్ మార్గదర్శకాల్లో ఉన్నదే. జ్వరం, విరేచనాలు, న్యుమోనియా లాంటివి ఉన్నప్పుడు పిల్లలకు మాత్ర ఆపాలి, తగ్గాక మళ్లీ మొదలుపెట్టాలి. అంతవరకే.

దీని వెనుక చేదు అనుభవం ఉంది. జాంజిబార్‌లో పెంబా అనే దీవి, మలేరియా విపరీతం. అక్కడ చిన్నపిల్లలకు రోజూ ఐరన్, ఫోలిక్ యాసిడ్ ఇచ్చి చూశారు. ఆస్పత్రి పాలవడం, చనిపోవడం కలిపి చూస్తే ఐరన్ తీసుకున్నవాళ్లలో 12 శాతం ఎక్కువ. 2003 ఆగస్టులో ఐరన్ భాగాన్ని మధ్యలోనే ఆపేశారు. అదే కాలంలో మలేరియా లేని నేపాల్ మైదానంలో ఇలాగే ఇస్తే ఏ నష్టమూ కనబడలేదు. పెంబాలోనూ నిజంగా ఇనుము లోపం ఉండి, మలేరియాకు వెంటనే పరీక్ష, మందు దొరికిన పిల్లలకు ఐరన్ మేలే చేసింది. అందుకే మలేరియా ప్రాంతాల్లో ఐరన్ ఇవ్వాలంటే మలేరియా నివారణ, వైద్యం కూడా పక్కనే ఉండాలంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ.

బాబు_వాళ్ళమ్మ
గురువారం, ఉదయం 8:10

ఐదోనెల గారూ, మీ ఆవిడ మాత్రతో పాటు టీ తాగుతోందేమో కూడా చూడండి. గంట, రెండు గంటలు ఎడం ఉండాలి. తాటిబెల్లం గారి నాయనమ్మ వైద్యం అక్కడ పనిచేస్తుంది, తప్పు వైపు.

తాటిబెల్లం
గురువారం, ఉదయం 8:31

సరేనమ్మా, ఒప్పుకున్నా 🙏 కానీ ఒక మాట అడుగుతా. పురుగులు మన ఇనుము తినడం కూడా ఉంది కదా? మా చిన్నప్పుడు చెప్పుల్లేకుండా పొలంలో తిరిగితే పాలిపోతారని తిట్టేవారు.

డ్యూటీ_డాక్టర్
గురువారం, ఉదయం 8:50

కొంకి పురుగు! ఈసారి మీ పెద్దవాళ్లకు పూర్తి మార్కులు. పాదం చర్మంలోంచి ఎక్కి, చివరికి పేగు గోడకు కరుచుకుంటుంది. ఆంకిలోస్టోమా రకం ఒక్కో పురుగు రోజుకు 0.15 నుంచి 0.25 మి.లీ. రక్తం లాగుతుంది. వంద పురుగులుంటే లెక్క వేసుకోండి. అందుకే బడిలో ఆల్బెండజోల్ మాత్ర కూడా ఇస్తారు. అక్కడ పురుగును చంపడమూ, ఇనుము ఇవ్వడమూ రెండూ చేయాలి, గొడవే లేదు. గొడవంతా మన కణాల్లో దూరి కూర్చునే వాటితోనే.

నైట్‌షిఫ్ట్_పీజీ
గురువారం, రాత్రి 1:25

ఇప్పుడే డ్యూటీ అయింది. ఎవరూ బ్లాక్ ఫంగస్ ఎత్తలేదేంటి? పరాన్నజీవి కాదు, బూజు. కానీ "ఇనుము లాగేద్దాం" అన్న ఐడియా ఎంత ప్రమాదకరమో దానికన్నా మంచి ఉదాహరణ లేదు.

2021 మే, జూన్. కోవిడ్ తగ్గిందని ఇంటికి పోయినవాళ్లు కన్ను వాచి, బుగ్గ మొద్దుబారి, ముక్కులోంచి నల్లటి చెక్కు ఊడుతూ మళ్లీ వచ్చేవారు. దాదాపు అందరికీ షుగరు, పైన స్టెరాయిడ్లు. షుగరు అదుపు తప్పి రక్తం ఆమ్లంగా మారితే ట్రాన్స్‌ఫెరిన్ పట్టు సడలుతుంది, ఇనుము విడిపోతుంది. ఈ బూజుకు ఇనుమంటే ప్రాణం. మా వార్డులో ఒక పెద్దాయన, తెనాలి వైపు రైతు, ఒక కన్ను తీసేశాక నన్ను పిలిచి, "రెండోది ఉంటుందా బాబూ, పొలం గట్టు కనపడితే చాలు" అన్నాడు. ఉంది. ఇప్పటికీ సంక్రాంతికి ఫోన్ చేస్తాడు.

అప్పట్లో బంధువులు అడిగేవారు, "ఇనుము తీసే మాత్రలున్నాయట కదా సార్, అవి ఇవ్వండి" అని. 1980ల్లోనే డయాలిసిస్ రోగులకు ఒంట్లో చేరిన అల్యూమినియం తీయడానికి డెస్ఫెరాల్ ఇస్తే వాళ్లకు ఈ బూజే పట్టింది. పెట్రీ_పళ్లెం గారు చెప్పిన కొక్కెం కథే, ఈ బూజుకు ఆ నోరుంది. సరే, ఇనుము తీసే ఇంకో మందు, బూజు వాడుకోలేని డెఫెరాసిరాక్స్ ఇచ్చి చూద్దామని అమెరికాలో 20 మందితో చిన్న పరీక్ష చేశారు. ఎలుకల్లో బాగా పనిచేసింది కూడా. 90 రోజులకు మందు తీసుకున్న 11 మందిలో 9 మంది పోయారు. తీసుకోని 9 మందిలో ఇద్దరు. రెండు గుంపుల్లో రోగుల పరిస్థితి ఒకేలా లేదు, అది నిజం. అయినా ఆ అంకె చూశాక ఎవరికైనా చెయ్యి వణుకుతుంది.

మన్యం_మాస్టారు
శుక్రవారం, ఉదయం 6:30

పీజీ గారూ, పొద్దున్నే మనసు బరువెక్కించారు. మరి ఈ దారి మొత్తం మూసుకుపోయినట్టేనా?

పెట్రీ_పళ్లెం
శుక్రవారం, ఉదయం 9:15

ఆకలితో మాడ్చే దారి ఇరుకే. సూక్ష్మజీవులు కోట్ల ఏళ్లుగా ఇనుము దొంగతనంలో ఆరితేరినవి. ఆఫ్రికాలో అతినిద్ర జబ్బు తెచ్చే ట్రిపనోసోమా మన ట్రాన్స్‌ఫెరిన్‌నే పట్టుకుని మింగేసేందుకు సొంత తలుపు పెట్టుకుంది. కాలా అజార్ పరాన్నజీవి మన కణం లోపలి సంచిలో కూర్చుంటే, కణం ఒక పంపుతో ఆ సంచిలోంచి ఇనుము తోడేస్తుంది, పరాన్నజీవి ఇంకో పంపుతో లోపలికి లాగుతుంది. ఆ తోపులాటలో మనం బయటినుంచి చెయ్యి పెడితే ఎవరికి తగులుతుందో చెప్పలేం.

కానీ వాటి ఆశనే ఎరగా వాడే దారి తెరుచుకుంది. ఎలుకల బోనులో ఎండుచేప పెడతాం చూడండి, అలాగ. సెఫిడెరోకాల్ అని ఒక యాంటీబయాటిక్, దాని తోకకు ఇనుమును పట్టే కొక్కెం తగిలించారు. మొండి బాక్టీరియా ఇనుము వచ్చిందని తలుపు తీసి తానే మందును లోపలికి లాక్కుంటుంది. అమెరికాలో 2019 నవంబరులో అనుమతి వచ్చింది. ఇది బాక్టీరియాకే, మలేరియాకు కాదు.

బాబు_వాళ్ళమ్మ
శుక్రవారం, ఉదయం 10:05

ఎండుచేప పోలిక మా బాబుకు చదివి వినిపించా. "మరి నాకు ఎరలాంటి మాత్ర ఎందుకు లేదు, రోజూ నీళ్లలో కలుపుకుని తాగే ఈ సుద్ద నీళ్లే ఎందుకు" అంటున్నాడు. ఎవరైనా జవాబు చెప్పండి, నావల్ల కాదు.

ఐదోనెల_టెన్షన్
శుక్రవారం, మధ్యాహ్నం 1:40

సారీ చెప్పాను. మాత్ర వేసుకుంది. టీ మాత్రం మానదట.

మన్యం_మాస్టారు
తర్వాతి గురువారం, రాత్రి 8:20

అప్‌డేట్. ఆ అమ్మాయికి జ్వరం పూర్తిగా తగ్గింది, మూడు రోజుల కోర్సు, ప్రైమాక్విన్ డోసు అయిపోయాయి. ఈరోజు ఏఎన్ఎం గారు చూసి సరే అన్నాక మళ్లీ లైన్లోకి వచ్చింది. గోడౌన్, షట్టరు కథ ఆమె క్లాసుకే చెప్పాను. మాత్ర చేతిలో పెడితే అటూ ఇటూ తిప్పి చూసి, "సార్, ఇప్పుడు షట్టరు తీశారా?" అంది. తీశారన్నాను. మింగి, నోరు తెరిచి చూపించింది. నాలుక నీలంగా ఉంది. టిక్కు పెట్టాను.